కంచె మీద మూడు మెట్లు

ఇంగ్లండులో ఒక చిన్న పల్లెటూరిని చూసి రావాలని ప్రభుత్వం ముందు తీర్మానించింది. ఎందుకు చూడాలన్నది తర్వాత ఆలోచించుకోవచ్చనుకుంది. "ఆదర్శ గ్రామ అధ్యయన యాత్ర" పేరుతో వెలువడిన ఉత్తర్వులో పదకొండు పేజీలు విమానంలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో వివరించాయి. పల్లెటూరి సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు: "సదరు గ్రామము చిన్నదై, చూచుటకు అనుకూలముగా ఉండవలెను."

బృందం పట్టికలో పైన సంయుక్త సంచాలకులు కొమరగిరి చంద్రమౌళి గారు, మధ్యలో తన్మయి అనే కన్సల్టెంటు, అట్టడుగున "మహిళా సర్పంచి, రిజర్వుడు కేటగిరీ, ఒకరు" అని ఉన్నాయి. ఆ అడుగు వరస ఎలా పూరించాలో తెలియక కార్యాలయం వారం రోజులు తలపట్టుకుంది. జిల్లాలో మహిళా సర్పంచులకు కొదవలేదు గానీ పాస్‌పోర్టు ఉన్నది ఒక్క ఈదులపర్రు ఎస్తేరమ్మకే. యెరూషలేము యాత్రకని మూడేళ్ల కిందట తీయించుకుంది. ఆ యాత్ర జరగలేదు, పాస్‌పోర్టు మిగిలింది.

సంగతి తెలిసి పేటలో అందరూ సంబరపడ్డారు, ఒక్క అత్తగారు మరియమ్మ తప్ప. ఆమెకు ఎనభై మూడేళ్లు. మంచంలోంచే అడిగింది.

"ఇంగిలాండు పోయొస్తే మన డొంక తెరిపిస్తారంటనా?"

"దానికీ దీనికీ సంబంధం లేదత్తా."

"మరెందుకే అంత దూరం? నీ మొగుడి తండ్రిని ఏం జేశారో మర్చిపోయావా? బతికుండగా ఒకసారి బాప్తిస్మం ఇచ్చారు, సచ్చినాక కాలవలో రెండోసారి ఇచ్చారు. నన్ను మాత్రం పొడిగా తీసకపోండి."

ముసలామె మాటలో అబద్ధం లేదు. పేటకీ సమాధుల దొడ్డికీ మధ్య తిన్నగా ఒక డొంక ఉంది. ఉంది అంటే రెవెన్యూ వారి గ్రామపటంలో ఉంది. నేల మీద మాత్రం, ఇరవై రెండేళ్ల కిందట, అప్పటి ప్రెసిడెంటు కంతేటి వీరరాఘవయ్య గారు డొంక మొగదల రాతి స్తంభాలు పాతి, ముళ్లతీగ లాగి, దారిని తన చేలో కలిపేసుకున్నారు. అప్పట్నుంచీ పేటవాళ్లు శవాలను కాలవగట్టు మీదుగా రెండు మైళ్లు చుట్టు తిప్పుతున్నారు. వానాకాలంలో గట్టు జారుతుంది. మామగారి పెట్టె అలాగే జారి నీళ్లలో పడింది.

సర్పంచి అయ్యాక ఎస్తేరమ్మ సోమవారం సోమవారం అర్జీ పెట్టింది. మొదటి జవాబు, సర్వేయరు సెలవులో ఉన్నారని. రెండోది, గ్రామపటము జీర్ణావస్థలో ఉన్నదని. మూడోది అన్నిటికన్నా గట్టిది: "సదరు డొంకపై పంట ఉన్నందున కోత అనంతరము పరిశీలించబడును." వరి కోతయ్యేసరికి మినుములు మొలిచి ఉండేవి. మినుములు పీకేసరికి మళ్లీ నాట్లు. ప్రభుత్వం పంటను గౌరవించినంతగా చచ్చినవాళ్లను గౌరవించదని ఆమెకు అప్పటికే అర్థమైపోయింది.

అలా ఉండగా ఆషాఢంలో బృందం బయల్దేరి, ఇంగ్లండులో లిటిల్ ఆష్‌కోంబ్ అనే ఊళ్లో దిగింది. ముప్పై నలభై ఇళ్లు, ఒక చర్చి, ఒక కొట్టు, తాగి కబుర్లు చెప్పుకునే చోటు ఒకటి. బస్సు మంగళవారం వస్తుంది, శుక్రవారం పోతుంది. సన్నగా తుంపర పడుతూనే ఉంది. అక్కడివాళ్లు దాన్ని వానగా లెక్కపెట్టినట్టు కనిపించలేదు.

గ్రామ సంఘం గుమాస్తా మిసెస్ హార్టన్ ఎదురొచ్చింది. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుంది. చంద్రమౌళి గారు ఆమె చేతికి జ్ఞాపిక ఇచ్చి, శాలువా కప్పి, వెంటనే పనిలోకి దిగారు.

"మీ గ్రామమున ప్రారంభోత్సవ శిలాఫలకములు ఎక్కడ ఉన్నవి?"

తన్మయి దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. మిసెస్ హార్టన్ కాసేపు ఆలోచించి అందరినీ చర్చి దొడ్లోకి తీసుకుపోయి, నాలుగు వందల ఏళ్ల నాటి సమాధి రాయి చూపించింది. చంద్రమౌళి గారు దాని పక్కన నిలబడి ఫొటో దిగారు. చర్చి ఏ పథకం కింద కట్టారని అడిగారు. ఎవరికీ తెలియదంది ఆమె. "పథకం వివరములు అందుబాటులో లేవు" అని రాసుకుని, ఊరి స్థాయిని ఒక మెట్టు తగ్గించారు.

ఎస్తేరమ్మ మాత్రం చర్చిలో మోకాళ్లూని అత్త కోసం ప్రార్థన చేసుకుని లేచింది. బయట సమాధుల మధ్య గడ్డి ఒత్తుగా, నున్నగా ఉంది. ఇంతమందిని ఇక్కడికి ఏ దారిన మోసుకొచ్చారా అనుకుంది. ఆ ప్రశ్నకు జవాబు మధ్యాహ్నం దొరికింది.

మిసెస్ హార్టన్ వాళ్లను నడకకు తీసుకుపోయింది. ఊరి చివర గోధుమ చేను, చుట్టూ కంచె. ఆమె ఆగకుండా కంచె దగ్గరకు పోయి, దానికి అడ్డంగా బిగించిన మూడు చెక్క మెట్లు ఎక్కి అవతలికి దిగింది. చేను నడుంలోతు పెరిగి ఉంది. మధ్యలో ఎవరో పాపిడి తీసినట్టు, ఒక మనిషి నడిచేంత దారి కొండ దాకా పోతోంది.

ఎస్తేరమ్మ దిగి నాలుగడుగులు వేసిందో లేదో, కుక్కతో సహా ఒక ఎర్రటి మనిషి ఎదురుపడ్డాడు. రైతు, పిల్‌బీమ్ అంట. ఈ జన్మలో ఎవరి చేలో అయినా అడుగుపెడితే ఆమె విన్న మాటలు ఇంగ్లీషులో ఎలా ఉంటాయో వినడానికి సిద్ధపడింది. ఆయన టోపీ తీసి, దారి బురదగా ఉన్నందుకు క్షమాపణ చెప్పాడు.

"అమ్మాయ్ తన్మయీ, ఈ చేను ఎవరిదో అడుగు."

"ఆయనదేనటండీ."

"మరి దారి?"

తన్మయి అడిగి, విని, కాస్త ఆశ్చర్యంగానే చెప్పింది. "దారి నాది కాదంటున్నాడు. వాళ్ల తాత కొన్నప్పటికే ఉందట. చేను నాది, నడక వాళ్లది అంటున్నాడు."

"దున్నేసి విత్తనం జల్లుకోకూడదా?"

"జల్లుకోవచ్చట. వెంటనే మళ్లీ దారి తీసివ్వాలట. లేకపోతే ఈవిడ ఊరుకోదట."

మిసెస్ హార్టన్ నవ్వింది. ఏడాదికోసారి ఊళ్లోవాళ్లంతా కలిసి దారులన్నీ ఒకమాటు నడుస్తామంది. నడవని దారి ఉందని ఎవరికి గుర్తుంటుంది అని కూడా అంది. ఇరవై రెండేళ్లుగా తామేదో అడగకూడనిది అడుగుతున్నామనే బెరుకు ఎస్తేరమ్మ లోపల ఎక్కడో ఉండేది. అది ఆ గోధుమ చేలో పోయింది.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి కేక వినిపించింది. చంద్రమౌళి గారు మూడో మెట్టు మీద, చెరో కాలు చెరో వైపు పెట్టి ఇరుక్కున్నారు. ప్యాంటు మేకుకు పట్టుకుంది. ముందుకు రాలేరు, వెనక్కి పోలేరు. పిల్‌బీమ్ విడిపించడానికి వస్తుంటే ఆయన చేయెత్తి వారించారు. ఆ ఎత్తు నుంచి నాలుగు వైపులా చూశారు. ముఖంలో వెలుగు వచ్చింది.

"తన్మయి గారూ, టేపు తీసుకురండి. ఇదే మనము వెదుకుచున్న వస్తువు."

ఆ సాయంత్రం టీ తాగుతూ నివేదిక రాశారు. నిబంధన ప్రకారం ఏ సిఫార్సుకైనా మూడు అర్హతలు ఉండాలి. కొలవడానికి వీలుండాలి, ఫొటో తీయడానికి వీలుండాలి, ప్రారంభోత్సవం చేయడానికి వీలుండాలి. మెట్లు మూడిటికీ సరిపోయాయి.

"సార్, మెట్లు గాదు, దారి గదా సంగతి" అంది ఎస్తేరమ్మ. "చేలో దారి వదలాలని రాయండి. ఆ ఒక్క ముక్క రాస్తే మాకు సాలు."

"అమ్మా, దారి అనగా ఏమున్నది? ఖాళీ. ఖాళీకి రిబ్బను ఎట్లు కట్టెదము?"

"మెట్లున్నది దారి కోసమే గదండీ."

"సర్పంచి గారూ, 'కోసము' అను దానికి ప్రొఫార్మాలో గడి లేదు." ఆయన కోప్పడలేదు, నిజంగా జాలిపడ్డారు. "కావలెనన్న, మీరు మెట్టు మీద నిలబడిన ఫొటో ముఖచిత్రముగా వేయించెదను."

వేయించారు కూడా. నివేదిక పేరు "పాశ్చాత్య గ్రామసీమలో అధిరోహణ సంస్కృతి". మూడు నెలల్లో దాంట్లోంచి ఒక మిషన్ పుట్టింది. ప్రతి పంచాయతీలోనూ టేకు కర్రతో మూడు మెట్లు, రెండడుగుల పదకొండంగుళాల ఎత్తున, కంచె మీదుగా నిర్మించాలి. ఎందుకని అడిగినవాళ్లకు ముఖచిత్రం చూపించారు.

మొదటి వారమే ఫోన్లు మొదలయ్యాయి. సార్, మా ఊళ్లో కంచె లేదండీ. జవాబు ఉత్తర్వుగా వచ్చింది: "కంచె లేని చోట ముందుగా కంచె నిర్మించి, తదుపరి దాటించవలెను." దాంతో ఒక ఊళ్లో బజారుకి అడ్డంగా కంచె వేశారు. ఇంకో ఊళ్లో స్థలం చాలక బస్సు రోడ్డు మీదే వేశారు. బస్సు అక్కడ ఆగితే ప్రయాణికులు సామాన్లతో మెట్లెక్కి దిగి, అవతల ఇంకో బస్సు ఎక్కేవాళ్లు. కండక్టరు రెండు టిక్కెట్లు కొట్టేవాడు. ఒక బడి ముందు కట్టిన మెట్లను మోకాళ్ల నొప్పుల హెడ్మాస్టరు ఎక్కలేకపోతే, ఎక్కలేనని సివిల్ సర్జను దగ్గర సర్టిఫికెట్ తెమ్మన్నారు. సివిల్ సర్జను ఆసుపత్రి ముందు కూడా మెట్లున్నాయి.

మెట్లు వాడుతున్నారో లేదో తెలియాలి గనక ప్రతి మెట్ల దగ్గరా "దినసరి దాటింపుల రిజిస్టరు" పెట్టారు. పేరు, వయసు, అటు, ఇటు, సంతకం లేదా వేలిముద్ర. రోజుకు వంద దాటింపులు లక్ష్యం. అటు ఎంతమంది పోయారో సాయంత్రానికి ఇటు అంతమంది రావాలి. చాలా ఊళ్లలో పనికి వచ్చిన కూలీలను ఉదయం నుంచీ ఎక్కించి దించి లక్ష్యం పూర్తిచేసేవాళ్లు. చెరువు పూడిక అలాగే ఉండిపోయింది.

ఈదులపర్రుకు ఇంజనీరు వచ్చి, మెట్లు పంచాయతీ ఆఫీసు గుమ్మంలో వేద్దామన్నాడు. ఎస్తేరమ్మ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే చంద్రమౌళి గారికి ఫోన్ చేసింది.

"సార్, మనం అక్కడ చూసిన కంచె కొత్తదా పాతదా?"

"పురాతనమైనది."

"అవతల ఏముంది సార్?"

"పంట ఉన్నది."

"మా ఊళ్లో అట్టాంటిది ఒకటే ఉంది సార్. ఇరవై రెండేళ్ల కంచె, అవతల నిలువెత్తు పంట. ఆఫీసు గుమ్మంలో వేస్తే ఇంగ్లండులా ఉండదు గదండీ."

"ప్రామాణికత!" అన్నారు చంద్రమౌళి గారు, పొంగిపోతూ. జిల్లాలో ఈ కోణం పట్టుకున్న సర్పంచి ఇంకొకరు లేరన్నారు.

వీరరాఘవయ్య గారి దగ్గరకు ఆమే వెళ్లింది. ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. తల ఎత్తలేదు.

"ఏం ఎస్తేరూ, మళ్లీ డొంకేనా?"

"కాదండయ్యా. లండన్ నించి వచ్చిన పథకం. జిల్లా మొత్తంలో పాత కంచె మీదేనంట. దాని మీద మూడు మెట్లు పెడతారు. రిబ్బను తమరే కత్తిరించాలని జేడీ చంద్రమౌళి గారు అన్నారు."

"నా కంచెకు మెట్లెందుకు?"

"ఫొటోకండీ. మీ పేరుతో రాయి కూడా వేత్తారంట."

ఆయన పేపరు మడిచారు. పదవి పోయి పదకొండేళ్లయింది, పేరు రాతి మీద పడక పదకొండేళ్లయింది. మర్నాడు రాయి నమూనా కాగితం తెప్పించుకుని, కళ్లజోడు పెట్టుకుని, "శ్రీ కంతేటి వీరరాఘవయ్య గారు" అన్న వరసను మూడుసార్లు చదివి, అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయమని చెప్పారు. పైన "ప్రజా కాలిబాట ప్రారంభకులు" అని ఉన్నది ఆయన చదవలేదు. తన పేరు మీద ఏముందో చదివే అలవాటు ఆయనకు మొదట్నుంచీ లేదు.

బాజాలతో ప్రారంభమైంది. ఆయనే రిబ్బను కత్తిరించి, ఆయనే మొదటి మెట్టెక్కి, రిజిస్టరులో మొదటి సంతకం పెట్టారు. మర్నాటి నుంచి పేటవాళ్లు సంతకాలు పెట్టడం మొదలెట్టారు. పొద్దున ఒక గుంపు, సాయంత్రం ఒక గుంపు. ఎవరూ డొంక దాటి పంట తొక్కలేదు, మిసెస్ హార్టన్ లాగా ఒకరి వెనక ఒకరు నడిచారు. ఎస్తేరమ్మ గ్రామపటం నకలు పట్టుకుని ముందు నడిచింది. నెల తిరిగేసరికి మినుముల మధ్య డొంక బయటపడింది. నేల గట్టిపడి సిమెంటులా తయారైంది.

వీరరాఘవయ్య గారు మండిపడుతూ జిల్లా ఆఫీసుకు వెళ్లారు. చంద్రమౌళి గారు ఆదరంగా కూర్చోబెట్టారు.

"రాఘవయ్య గారూ, తాము స్వహస్తములతో ప్రారంభించిన ఆస్తిని తామే అభ్యంతరపెట్టుటకు నిబంధనలలో అవకాశము లేదు. పైగా జిల్లా మొత్తమునకు జనము సొంత పని మీద దాటుచున్న మెట్లు మీవి ఒక్కటే. మిమ్ములను సన్మానించవలెనని ప్రతిపాదన పంపినాను."

ఆయన సన్మానం తప్పించుకోలేకపోయారు.

ఎస్తేరమ్మ ఊపు మీద ఇంకో అర్జీ పెట్టింది. దారి వచ్చింది గనక ఆ ముళ్లతీగ తీసేయండి, పెట్టెలు మోసుకుపోవడానికి అడ్డంగా ఉంది అని. దానికి మాత్రం మిషన్ కళ్లెర్రజేసింది. కంచె తీసివేసినచో మెట్లు దేనిని దాటును? కంచె కూడా మిషన్ ఆస్తియే. తీగ తెగినచో సర్పంచియే బాధ్యురాలు.

మరుసటి ఏడు భాద్రపదంలో ఒక తెల్లవారుజామున మరియమ్మ నిద్రలోనే పోయింది. మూడు రోజులుగా వాన. కాలవగట్టు మీద మనిషి నిలిచే పరిస్థితి లేదు. పేట పేటంతా పెట్టె ఎత్తుకుని డొంక మొగదలకు వచ్చింది.

రాతి స్తంభాల మధ్య మెట్ల వెడల్పు రెండడుగులే. మోసేవాళ్లతో సహా పెట్టె అందులో పట్టదు. నలుగురు అవతలికి ఎక్కి దిగారు, నలుగురు ఇవతల నిలబడి పెట్టెను తలల మీదకు ఎత్తారు. పాస్టరు గారు మూడో మెట్టు మీద గొడుగు కింద నిలబడి వాక్యం చదవబోతుంటే రిజిస్టరు చూసే నాగులు అడ్డొచ్చాడు. నాగులు ఊరి తలారి, రిటైరు కావడానికి ఆరు నెలలుంది. దాటకుండా మధ్యలో ఆగకూడదని నిబంధన అన్నాడు. పాస్టరు గారు సంతకం పెట్టి అవతలికి దిగి చదువుకున్నారు.

"పెసిడెంటమ్మా, ఏమనుకోమాక" అన్నాడు నాగులు మెల్లిగా. "పెద్దామెను రాయాలా వద్దా?"

"రాయి. మరియమ్మ, ఎనభై నాలుగు."

"అటు గడిలో టిక్కు పెడతన్నా. మరి ఇటు? సాయంత్రానికి రెండూ కలవకపోతే పైనించి మెమో వస్తది."

ఎస్తేరమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఖాళీగా ఉంచు నాగులూ. మెమో వస్తే నేను చూసుకుంటా." ముళ్లతీగ మీదుగా పెట్టె చేతులు మారి అవతలికి దిగింది. మరియమ్మ పొడిగానే పోయింది.

మెమో మూడు వారాలకు వచ్చింది. "రిజిస్టరు ప్రకారము సదరు మరియమ్మ అటు దాటి, ఇటు దాటియుండలేదు. జాప్యమునకు కారణములు, తిరిగి దాటు తేదీ ఏడు దినములలో తెలియజేయవలెను." చంద్రమౌళి గారి సంతకం, కింద సీలు.

ఎస్తేరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత, వాళ్ల భాష వాళ్లకే బాగా అర్థమవుతుందని, అదే భాషలో జవాబు రాసి తపాలాలో వేసింది.

"పై విషయమై విన్నవించునది ఏమనగా, మరియమ్మ తిరిగి వచ్చుట మా విశ్వాసము ప్రకారము నిశ్చయము. తేదీ మాత్రము మాకు తెలియదు, పైవానికి తెలుసును. ఆ దినమున ఆమె ఒక్కతెయే గాక, మా మామగారితో సహా దొడ్డిలోని వారందరును లేచి ఒక్కసారిగా ఇటు దాటెదరు. వారందరికీ మూడు మెట్లు చాలవు. కావున ఆ లోపుగా కంచె తీయించగలరు."